నీలిరంగు మిగిల్చిన ప్రశ్న: మొక్కల రక్షక ఎంజైముల కథ

వంకాయలు కోసేటప్పుడు ముక్కలను నీళ్ళగిన్నెలో వెయ్యడం మీరు చూసే ఉంటారు. ఆ నీళ్ళలో కాస్త ఉప్పు కూడా కలుపుతారు. అరటికాయ ముక్కలనైతే పలచటి మజ్జిగలో వేసేవాళ్ళూ ఉన్నారు. అలా చెయ్యకపోతే ముక్కలు నల్లబడతాయి, కనరెక్కుతాయి అంటారు పెద్దలు. వారి మాట నిజమే. అయితే ఆ నలుపు ఎక్కడినుంచి వస్తుంది?

కాయ కొయ్యకముందు లోపలి కండ తెల్లగానే ఉంటుంది. అందులోని ప్రతి కణంలోనూ ఫినాల్ జాతి పదార్థాలు ఒక గదిలో, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము మరో గదిలో ఉంటాయి. కత్తి పడగానే గదుల మధ్య గోడలు కూలిపోతాయి. రెండూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది. క్వినోన్లు అనే పదార్థాలు పుట్టి, అవి ఒకదానితో ఒకటి అతుక్కుని నల్లటి రంగుగా మారతాయి. నీళ్ళు గాలిని తగలనివ్వవు. ఉప్పు, మజ్జిగలోని పులుపు ఎంజైము పనిని మందగింపజేస్తాయి. మరిగే నీళ్ళలో కాసేపు ఉంచితే ఎంజైమే నాశనమవుతుంది.

ఇంతవరకు మీ పాఠ్యపుస్తకంలో కూడా ఉండవచ్చు. ఇప్పుడు మరో ప్రశ్న వేసుకోండి. మన కూర నల్లబరచడానికి మొక్క ఈ ఎంజైమును తయారు చేసుకోదు కదా! మరి ఇది మొక్కకు ఎందుకు? చాలా చిన్న ప్రశ్న. కాని విజ్ఞానశాస్త్రం దీనికి సరైన సమాధానం చెప్పడానికి దాదాపు నూట అరవై ఏళ్ళు పట్టింది. ఆ కథే ఈ వ్యాసం.

పారిస్ మందుల దుకాణంలో నీలిరంగు

1810లో పారిస్ నగరంలో లూయీ ఆంత్వాన్ ప్లాంష్ అనే ఔషధకారుడు ఉండేవాడు. ఆ రోజుల్లో గ్వయాకం అనే అమెరికా ఖండపు చెట్టు జిగురును మందుగా వాడేవారు. ఆ జిగురును సారాయిలో కరిగించి అందులో హార్స్‌రాడిష్ అనే దుంపవేరు పచ్చిముక్క వేస్తే ద్రావణం నీలంగా మారడం ప్లాంష్ గమనించాడు. హార్స్‌రాడిష్ మన ఆవమొక్క కుటుంబానికి చెందినది, చాలా ఘాటుగా ఉంటుంది. మన మునగవేరుకు కూడా అలాంటి ఘాటే ఉండటంతో ఇంగ్లీషువాళ్ళు మునగను ‘హార్స్‌రాడిష్ చెట్టు’ అని పిలిచారు. రెండింటికీ బంధుత్వం మాత్రం దూరపుది.

ప్లాంష్ చూసిన నీలిరంగుకు కారణం ఏమిటో అప్పుడు ఎవరికీ తెలియదు. ‘ఎంజైము’ అన్న మాటే అప్పటికి పుట్టలేదు. 1818లో పారిస్‌లోనే లూయీ జాక్ తెనార్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కనుక్కున్నాడు. చూడటానికి నీళ్ళలాగే ఉండే ఈ ద్రవంలో నీటికంటే ఒక ఆక్సిజన్ పరమాణువు ఎక్కువ. జంతువుల కణజాలం తగలగానే ఇది నురుగు కక్కుతూ విచ్ఛిన్నం కావడం కూడా తెనారే చూశాడు.

ఈ రెండు విషయాలనూ కలిపి ఆలోచించినవాడు స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్రిస్టియన్ షాన్‌బైన్. ఓజోన్‌ను కనుక్కున్నది ఈయనే. కొన్ని పుట్టగొడుగులను విరిస్తే లోపలి కండ క్షణాల్లో నీలంగా మారుతుంది. దీన్ని 1850లలో ఆయన శ్రద్ధగా పరిశీలించాడు. జీవకణజాలంలో ఆక్సిజన్‌ను చురుకుగా మార్చే పదార్థమేదో ఉందనీ, వేడిచేస్తే దాని శక్తి పోతుందనీ తేల్చాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. వీరందరూ మొక్క రసాన్ని గాజు గొట్టంలోకి తీసుకుని, రంగు వస్తుందా రాదా అని చూశారు. ఆ రసం ఇచ్చిన మొక్కకు దానితో పనేమిటన్నది వారి ప్రశ్న కాదు.

లక్క, తేయాకు

తరువాతి ముందడుగు జపాన్‌లో పడింది. అక్కడ ఉరుషి అనే చెట్టుకు గాటు పెట్టి కారిన పాలను పెట్టెలకు, గిన్నెలకు పూస్తారు. అది గట్టిపడి నల్లటి మెరుగు వస్తుంది. ఆ పాలు గట్టిపడటానికి అందులోనే ఉన్న ఒక పదార్థం కారణమనీ, దానికి ఆక్సిజన్ కావాలనీ, వేడిచేస్తే అది పనిచెయ్యదనీ 1883లో హికోరోకురో యోషిదా చూపించాడు. 1890లలో ఫ్రాన్స్‌కు చెందిన గాబ్రియేల్ బెర్‌ట్రాం ఆ ఎంజైముకు ‘లాకేజ్’ అని పేరు పెట్టాడు. ఆక్సీకరణం జరిపే ఎంజైములనే ఒక కొత్త తరగతి అలా స్థిరపడింది.

మనదేశం ఈ కథలోకి తేయాకు ద్వారా వచ్చింది. తేయాకును నలిపి, గాలి తగిలేలా పరిచి ఉంచితే ఆకుపచ్చ రంగు పోయి రాగిరంగు వస్తుంది. తేయాకు పరిశ్రమ దీన్ని ‘పులియబెట్టడం’ అంటుంది కాని సూక్ష్మజీవులకు ఇందులో పెద్ద పాత్రేమీ లేదు. ఆకులోని సొంత ఎంజైమే ఆ పని చేస్తుంది. కలకత్తాలో భారతీయ తేయాకు సంఘంలో పనిచేసిన హెరాల్డ్ మాన్ 1901 నుంచి ఈ ఎంజైముపై పరిశోధన పత్రాలు ప్రచురించాడు. ఆకును ముందే ఆవిరి పట్టిస్తే ఎంజైము చచ్చిపోయి ఆకు పచ్చగానే మిగులుతుంది. గ్రీన్ టీ రహస్యం అదే.

చెట్టుకు గాటు, ఆకుకు నలుగుడు, కాయకు కత్తి. మూడు సందర్భాల్లోనూ ముందు జరిగింది గాయమే. అయినా ‘ఇది గాయపడిన మొక్క చేసుకునే పనేమో’ అని అడగవలసిన చోట, ‘సరుకు నాణ్యత ఎలా పెంచాలి’ అన్న ప్రశ్నే ముందుకు వచ్చింది.

పొగాకు చెప్పిన మాట

మొక్క పక్షాన ప్రశ్న అడిగిన వారిలో ముందుగా చెప్పుకోవలసినవాడు ఆస్కార్ లోవ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు. అమెరికా వ్యవసాయశాఖలో ఉంటూ ఆయన పొగాకును పదును చేసేటప్పుడు ఆకులో జరిగే మార్పులను అధ్యయనం చేశాడు. అప్పటికి చాలామంది, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడగొట్టే శక్తి అన్ని ఎంజైములకూ ఉంటుందని నమ్మేవారు. పెరాక్సిడేజ్ అన్న పేరును లినోసియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1898లోనే పెట్టాడు. అయితే రంగు పరీక్షలన్నీ విఫలమైన పొగాకు నమూనాలు కూడా పెరాక్సైడ్‌ను బుసబుసా పొంగిస్తున్నాయని లోవ్ గమనించాడు. అంటే ఆ పని చేసేది వేరే ఎంజైము. దానికి ఆయన 1901లో ‘కాటలేజ్’ అని పేరు పెట్టాడు.

దీన్ని మీరు కూడా చూడవచ్చు. మీ ఉపాధ్యాయుల సమక్షంలో, మందుల షాపులో దొరికే పలచటి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఒక పరీక్షనాళికలో తీసుకుని పచ్చి బంగాళాదుంప ముక్క వెయ్యండి. బుడగలు వస్తాయి. ఆ నాళిక మూతి దగ్గర కొనమీద నిప్పు ఉన్న అగరుబత్తిని పెడితే నిప్పు మరింత కాంతివంతమవుతుంది. వచ్చింది ఆక్సిజన్ అన్నమాట. ఉడికించిన దుంప ముక్కతో ఇదే ప్రయోగం చేస్తే బుడగలు రావు. కాటలేజ్ చాలా వేగమైన ఎంజైము. దాని ఒక్క అణువు సెకనుకు లక్షల సంఖ్యలో పెరాక్సైడ్ అణువులను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది.

లోవ్ పేరు పెట్టి ఊరుకోలేదు. శ్వాసక్రియలో విషపూరితమైన పెరాక్సైడ్ పుడుతుందనీ, అది పోగుపడకుండా చూడటమే కాటలేజ్ పని అనీ సూచించాడు. ఆలోచన సరైనదే. కాని జీవించివున్న మొక్కకణంలో పెరాక్సైడ్ పుడుతున్నదని చూపించే ఆధారం ఆయన దగ్గర లేదు. దొంగ ఉన్నాడని తెలియకుండా కాపలావాణ్ణి నమ్మేదెవరు? ఆ ఊహ చాలాకాలం ఊహగానే ఉండిపోయింది.

ఒక్క సెకను ఆలస్యం

1920లలో ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ అనే హంగరీ శాస్త్రజ్ఞుడు పండ్లు కోస్తే ఎందుకు నల్లబడతాయో తెలుసుకోవాలనుకున్నాడు. నారింజ, నిమ్మ జాతి పండ్లు నల్లబడవు. ఎందుకని? ఆయన పెరాక్సిడేజ్‌తో పాత రంగు పరీక్షే చేశాడు. ఎంజైము, పెరాక్సైడ్, రంగునిచ్చే పదార్థం కలిపితే వెంటనే నీలిరంగు వస్తుంది. అందులో నల్లబడని పండ్ల రసం చుక్క వేస్తే రంగు ఒక సెకను ఆలస్యంగా వచ్చింది.

ఆ ఒక్క సెకను ఆలస్యాన్ని ఆయన వదల్లేదు. వస్తున్న రంగును వెంటవెంటనే చెరిపేస్తున్న పదార్థమేదో రసంలో ఉంది. అది అయిపోయాకే నీలం నిలుస్తున్నది. కేంబ్రిడ్జిలో ఉండగా ఆ పదార్థాన్ని వేరుచేసి 1928లో ప్రకటించాడు. అదేమిటో తెలియక సరదాగా ‘దేవుడికే తెలుసు’ అని అర్థం వచ్చేలా ‘గాడ్‌నోస్’ అని పేరు సూచిస్తే పత్రిక సంపాదకుడు ఒప్పుకోలేదట. చివరికి ‘హెక్సురోనిక్ ఆమ్లం’ అన్నారు. కొన్నేళ్ళలోనే అది విటమిన్-సి అని తేలింది. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

అప్పటినుంచి విటమిన్-సి అంటే మన చిగుళ్ళు, మన ఆరోగ్యం, నావికుల స్కర్వీ వ్యాధి. ఉసిరికాయ తినమని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కాని ఉసిరిచెట్టు దాన్ని మన కోసం తయారుచేస్తున్నదా? దాన్ని పట్టిచ్చింది మొక్క ఎంజైముతో చేసిన పరీక్షే అన్న సంగతి మరుగున పడిపోయింది. అది మళ్ళీ బయటికి రావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

ఈలోగా ఎంజైములు పనిముట్లుగా మారాయి. 1942లో స్వీడన్‌లో హ్యూగో తియోరెల్ హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్‌ను స్ఫటికాలుగా తయారుచేశాడు. మరుసటి ఏడాది అమెరికాలో బ్రిటన్ ఛాన్స్ దీనిమీదే ప్రయోగాలు చేసి, ఎంజైము తన ఆధారపదార్థంతో క్షణకాలం జతకట్టడాన్ని స్వయంగా కొలిచాడు. నేడు రక్తంలో చక్కెర కొలవడానికి పరీక్షకేంద్రాల్లో వాడే ‘గాడ్-పాడ్’ పద్ధతిలో ‘పాడ్’ అంటే పెరాక్సిడేజే. ఒక ఎంజైము గ్లూకోజ్ నుంచి పెరాక్సైడ్‌ను పుట్టిస్తే, రెండోది దాన్ని వాడుకుని రంగునిస్తుంది. ప్లాంష్ చూసిన రంగుకు ఇది దగ్గరి చుట్టమే.

వెలుతురులోనే విషం

ఇక లోవ్ దగ్గర లేని ఆధారం సంగతి చూద్దాం. 1951లో అలన్ మెహ్లర్ ఆకులనుంచి వేరుచేసిన హరితరేణువులపై వెలుతురు ప్రసరింపజేశాడు. అవి ఆక్సిజన్‌ను తీసుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారుచేశాయి. మనకు ప్రాణవాయువునిచ్చే హరితరేణువే, అదే వెలుతురులో, అదే ఆక్సిజన్‌తో విషాన్ని కూడా పుట్టించగలదన్నమాట.

అదెలాగో అర్థం కావాలంటే ఒక చెరువును ఊహించుకోండి. వాగునుంచి చెరువులోకి నీరు వస్తూ ఉంటుంది. తూముల గుండా పొలాలకు పారుతుంది. తూములు మూసేసి, వాగు మాత్రం ఆగకపోతే చెరువు నిండుతుంది. అప్పుడు అదనపు నీరు అలుగు మీదుగా పారాలి. అలుగు సరిగా లేకపోతే కట్టకు గండి పడుతుంది.

ఆకులో సూర్యకాంతి వాగులాంటిది. అది పత్రహరితం ద్వారా ఎలక్ట్రాన్‌లను తోస్తూనే ఉంటుంది. మామూలుగా ఆ ఎలక్ట్రాన్‌లు కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చడానికి ఖర్చవుతాయి. వర్షాలు లేక నేల ఎండినప్పుడు మొక్క నీటిని కాపాడుకోవడానికి పత్రరంధ్రాలను మూసుకుంటుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావడం తగ్గిపోతుంది. ఎండ మాత్రం తగ్గదు కదా! పోవడానికి దారిలేని ఎలక్ట్రాన్‌లు కొన్ని ఆక్సిజన్‌ను చేరతాయి. ఒక ఎలక్ట్రాన్‌ను అదనంగా పొందిన ఆక్సిజన్‌ను సూపరాక్సైడ్ అంటారు. దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్, దాన్నుంచి ఇనుము వంటి లోహాల సమక్షంలో హైడ్రాక్సిల్ రాడికల్ పుడతాయి. ఈ చివరిది కణంలో దేన్ని తాకితే దాన్ని పాడుచేస్తుంది. కొవ్వులతో నిర్మితమైన పొరలు, ప్రోటీన్లు, డి.ఎన్.ఏ. ఏదీ మినహాయింపు కాదు. చలి, ఉప్పునేల, తీవ్రమైన ఎండ, వ్యాధి — ఒత్తిడి ఏదైనా దెబ్బలో ఎక్కువభాగం ఈ దారినే వస్తుంది.

మరి అలుగు ఏది? 1968లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో నేథన్ టోల్బర్ట్ బృందం పాలకూర ఆకులనుంచి పెరాక్సిసోములు అనే చిన్న కణాంగాలను వేరుచేసింది. కాంతి శ్వాసక్రియలో పెరాక్సైడ్ పుట్టేది అక్కడే. కాటలేజ్ గుట్టలుగా ఉన్నదీ అక్కడే. దొంగ, కాపలావాడు ఒకే ఇంట్లో దొరికారు. లోవ్ ఊహించిన 67 ఏళ్ళకు ఆకులో దానికి బలమైన ఆధారం లభించింది.

మరుసటి ఏడాది, 1969లో, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్‌లు సూపరాక్సైడ్‌ను పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైమును పశువుల రక్తకణాలలో కనుక్కున్నారు. దాని పేరు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. తమాషా ఏమిటంటే ఆ ప్రోటీన్ కొత్తది కాదు. కేంబ్రిడ్జిలో మాన్, కీలిన్ అనే ఇద్దరు 1938లోనే దాన్ని రక్తంనుంచి వేరుచేసి, అందులో రాగి ఉందని చెప్పారు. అది ఏం పని చేస్తుందో మాత్రం 31 ఏళ్ళపాటు ఎవరికీ తెలియలేదు. కొద్దికాలంలోనే పాలకూరలో కూడా అలాంటి ఎంజైమును కోజి అసాదా బృందం జపాన్‌లో శుద్ధిచేసింది.

విటమిన్-సి అసలు ఉద్యోగం

ఇప్పుడొక చిక్కు వచ్చింది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ హరితరేణువులో పెరాక్సైడ్‌ను తయారుచేస్తుంది. కాటలేజ్ ఉన్నదేమో పెరాక్సిసోములో. మరి హరితరేణువులో పెరాక్సైడ్‌ను తొలగించేది ఎవరు? కొద్దిపాటి పెరాక్సైడ్ చేరినా అక్కడ కార్బన్ డయాక్సైడ్ స్వీకరణ కుంటుపడుతుంది.

1976లో లండన్‌లోని కింగ్స్ కళాశాలలో పరిశోధక విద్యార్థిని క్రిస్టీన్ ఫోయర్, ఆమె గురువు బారీ హాలివెల్ ఒక సమాధానం సూచించారు. హరితరేణువులో విటమిన్-సి సమృద్ధిగా ఉంది. గ్లుటాథయోన్ అనే గంధకం గల పదార్థం ఉంది. దాన్ని తిరిగి పనికొచ్చే రూపానికి తెచ్చే ఎంజైము కూడా ఉంది. పెరాక్సైడ్‌ను విటమిన్-సి తొలగిస్తుంది. ఖర్చయిన విటమిన్-సిని గ్లుటాథయోన్ తిరిగి నింపుతుంది. గ్లుటాథయోన్‌ను వెలుతురు శక్తి నింపుతుంది. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి బిందెలు అందించుకుంటూ మంటలార్పినట్టు! ఈ గొలుసులో తొలి లంకె అయిన ‘ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్’ను క్యోటో విశ్వవిద్యాలయంలో నకానో, అసాదా 1981లో పాలకూర హరితరేణువుల్లో వివరించారు. ఈ చక్రాన్ని నేడు ‘ఫోయర్-హాలివెల్-అసాదా చక్రం’ అంటున్నారు.

సెంట్ గ్యోర్గీ పరీక్షనాళికలో చూసిన ఒక్క సెకను ఆలస్యాన్ని గుర్తు తెచ్చుకోండి. విటమిన్-సి అక్కడ చేసిన పని, ఆక్సీకరణాన్ని ఆపి తాను ఖర్చు కావడం. ఆకులో అది రోజంతా చేస్తున్న పనీ అదే. మనం తింటున్నది మొక్క తన కోసం దాచుకున్న అగ్నిమాపక సామగ్రిని. అసాదా 1999లో మరో మాట కూడా చెప్పాడు. ఈ మొత్తం ప్రక్రియలో నీటినుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్‌లు మళ్ళీ నీటికే చేరతాయి. దీన్ని ‘నీరు-నీరు చక్రం’ అనవచ్చు. అదనపు శక్తికి ఇది సురక్షితమైన దారి. చెరువుకు అలుగు అంటే ఇదే.

శత్రువే దూత

విషం, దానికి విరుగుడు. కథ ఇక్కడ ముగిసి ఉంటే చక్కగా ఉండేది. కాని 1994 సంవత్సరం దాన్ని మరో మలుపు తిప్పింది.

ఆ ఏడాది అమెరికాలో టి. కె. ప్రసాద్, ఆయన సహచరులు మొక్కజొన్న మొలకలమీద చేసిన ప్రయోగం చూడండి. 27 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనంలో పెరిగిన మొలకలను 4 డిగ్రీల చలిలో వారంపాటు ఉంచితే చచ్చిపోయాయి. ముందు మూడు రోజులు 14 డిగ్రీల మితమైన చలికి అలవాటు చేసి, తరువాత 4 డిగ్రీలకు మారిస్తే బతికాయి. ఇంతవరకు ఆశ్చర్యం లేదు. అలవాటు చేసే రోజుల్లో మొలకల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ తాత్కాలికంగా పెరగడం వారు గమనించారు. అప్పుడు మరి కొన్ని మొలకలకు చలి తగలనివ్వకుండానే పెరాక్సైడ్ ఇచ్చారు. అవి కూడా చలిని తట్టుకున్నాయి! విషమే మొలకకు హెచ్చరికగా పనిచేసింది. హెచ్చరిక అందిన మొలక కాటలేజ్ వంటి ఎంజైములను సిద్ధం చేసుకుంది.

అదే 1994లో క్రిస్ లాంబ్ బృందం సోయాచిక్కుడు కణాలమీద పనిచేసి, సూక్ష్మజీవి దాడి చేసినప్పుడు మొక్క తానే పెరాక్సైడ్‌ను గుప్పున విడుదల చేస్తుందని, అది దాడికి గురైన కణాలు తమను తాము బలి ఇచ్చుకోవడానికీ, చుట్టుపక్కల కణాల్లో రక్షక జన్యువులు మేల్కొనడానికీ సంకేతమని చూపించింది. గాయం దగ్గర పెరాక్సిడేజ్‌లు ఈ పెరాక్సైడ్‌నే వాడుకుని లిగ్నిన్‌తో గోడ కడతాయి. పాలీఫినాల్ ఆక్సిడేజ్ పుట్టించే క్వినోన్లు పురుగు తినే ప్రోటీన్లకు అతుక్కుని వాటిని జీర్ణం కాకుండా చేస్తాయి. మొదట్లో మనం వేసుకున్న ప్రశ్నకు సమాధానం ఇదే. ముక్క నల్లబడటం పాడైపోవడం కాదు, గాయపడిన మొక్క చేసుకునే కట్టు.

మొక్క పారిపోలేదు. నీడకు జరగలేదు. పాతుకున్న చోటే నిలబడి ఎండనూ చలినీ పురుగునూ ఎదుర్కోవాలి. అందుకే దాని దగ్గర ఇన్ని రకాల ఎంజైములు. ఆవ కుటుంబానికే చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఒక్క తరగతి పెరాక్సిడేజ్‌లకే 73 జన్యువులున్నాయి. వరిలో 138 ఉన్నాయి.

ఎక్కువైతే మేలేనా?

పెరాక్సైడ్ విషమే అయితే దాన్ని తొలగించే ఎంజైము ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. పెరాక్సైడ్ సంకేతం కూడా అయితే లెక్క మారిపోతుంది. ఇది కేవలం సిద్ధాంతచర్చ కాదు.

1990లో టెప్పర్‌మన్, డన్స్‌మ్యూర్ అనే శాస్త్రజ్ఞులు పొగాకు మొక్కల హరితరేణువుల్లో సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనేక రెట్లు పెరిగేలా జన్యుమార్పు చేశారు. ఆ మొక్కలకు సూపరాక్సైడ్‌ను తట్టుకునే శక్తి పెరగలేదు. 1993లో మరో బృందం బఠాణీ జన్యువుతో పొగాకులోనే అదే ఎంజైమును పెంచితే ఈసారి మొక్కలు తీవ్రమైన కాంతినీ చలినీ మెరుగ్గా తట్టుకున్నాయి. తేడా ఎక్కడ? రెండో ప్రయోగంలోని మొక్కల్లో ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ కూడా దానంతట అదే పెరిగింది. బిందెలు అందించే వరసలో మొదటివాడు ఒక్కడే చురుగ్గా ఉంటే లాభం లేదు. పక్కవాడు అందుకోకపోతే అతని కాళ్ళ దగ్గరే బిందెలు పేరుకుపోతాయి.

1997లో బెల్జియంలో చేసిన ప్రయోగం ఇంకో పాఠం చెప్పింది. కాటలేజ్‌ను పదోవంతుకు తగ్గించిన పొగాకు మొక్కలు తక్కువ వెలుతురులో ఏ లోపమూ లేకుండా పెరిగాయి. తీవ్రమైన వెలుతురులోకి మార్చగానే వాటి ఆకులు మచ్చలు పడి మాడిపోయాయి. నీడలో మాత్రమే చూసినవారికి కాటలేజ్ అనవసరమనిపించి ఉండేది.

మన దగ్గర ఈ రంగంలో పని జరుగుతోంది. 2008లో చెన్నైలోని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అవిసీనియా మెరీనా అనే మడచెట్టునుంచి సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ జన్యువును తీసి పూసా బాస్మతి-1 వరిలో పెట్టిన ఫలితాలను ప్రచురించారు. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో ఈ చెట్టు పెరుగుతుంది. ఉప్పునీటిలోనే దాని బతుకంతా. ఎనిమిది రోజులపాటు ఉప్పు ద్రావణంలో మామూలు వరి వాడిపోగా, మార్చిన వరి తట్టుకుంది. ఆశాజనకమైన ఫలితమే. కాని ఎనిమిది రోజుల ప్రయోగానికీ, నాట్లనుంచి కోతలదాకా ఉప్పునేలలో నిలిచి గింజనివ్వడానికీ మధ్య చాలా దూరం ఉంది.

మీరు కొలిచేటప్పుడు

వృక్షశాస్త్రం, జీవరసాయనశాస్త్రం చదివే మీలో చాలామంది ఏదో ఒకరోజు ప్రాజెక్టు పనిలో ఈ ఎంజైములను కొలుస్తారు. కుండీలో మొక్కకు నీళ్ళు మాన్పించి, వారం తరువాత ఆకు నూరి, పెరాక్సిడేజ్ పెరిగిందని రాస్తారు. ‘కాబట్టి ఈ రకం వర్షాభావాన్ని తట్టుకుంటుంది’ అని ముగిస్తారు. అక్కడే ఆగి ఆలోచించండి. జ్వరం పెరిగితే శరీరం పోరాడుతున్నదని తెలుస్తుంది, గెలుస్తుందని తెలియదు. ఎంజైము పెరగడం కూడా అంతే. గట్టి మొక్కలోనూ పెరగవచ్చు, బాగా దెబ్బతిన్న మొక్కలోనూ పెరగవచ్చు.

కాబట్టి మూడు ప్రశ్నలు మరువకండి. గొలుసులో ఒక్క లంకెనే కొలిచారా, అన్నిటినీ కొలిచారా? లేత ఆకా, ముదురు ఆకా, వేరా. ఒత్తిడి మొదలైన ఎన్నోరోజున, ఎంత వెలుతురులో కొలిచారు? అన్నిటికంటే ముఖ్యంగా, తిరిగి నీళ్ళు పోశాక ఆ మొక్క కోలుకుందా, కాయ కాసిందా?

ఇదేమీ పరీక్ష మార్కుల కోసం చెబుతున్న జాగ్రత్త కాదు. వర్షాధారంగా వేరుశనగ పండించే అనంతపురం ప్రాంతపు రైతును తలచుకోండి. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. ఒక కొత్త వంగడాన్ని తయారుచేసి చేలోకి తేవడానికి ఏళ్ళు పడుతుంది. తప్పుడు కొలతను నమ్మి ఎంపిక చేసిన వంగడం ఆ ఏళ్ళన్నిటినీ వృథా చేస్తుంది. ఆ నష్టం ప్రయోగశాలది కాదు, రైతుది.

ప్లాంష్ దగ్గరున్న హార్స్‌రాడిష్ ముక్కలో, నేటి శాస్త్రజ్ఞుడి దగ్గరున్న ముక్కలో ఎంజైము ఒకటే. మారినది ప్రశ్న. ‘రంగు వచ్చిందా’ అని అడిగినంతకాలం రంగే కనిపించింది. ‘మొక్కకు దీనితో పనేమిటి’ అని అడిగాక కాపలా కనిపించింది. ‘ఎంత ఉండాలి, ఎప్పుడు ఉండాలి’ అన్న మూడో ప్రశ్నకు సమాధానం ఇంకా పూర్తి కాలేదు. అది మీ తరానికి మిగిలిన పని.